పెంపుడు కుక్కకు చిన్న దెబ్బ తగిలితే...

పిల్లలు బడికీ, ఆయన ఆఫీసుకూ వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలేది ఇల్లాలూ, ఆమె కాళ్ళకు అడ్డం పడుతూ తిరిగే కుక్కా. గేటు సందులోంచి దూరబోయి ఇనుప రేకు గీసుకున్నా, పెరట్లో సీసా పెంకు మీద కాలు వేసినా, పక్కింటి పిల్లి రక్కినా మొదట చూసేది ఆవిడే. కుంటుతూ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని మూలిగితే మనసు ఊరుకుంటుందా? "సాయంత్రం ఆయన వచ్చాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాంలే" అనుకుంటూనే చెయ్యి పోపుల డబ్బా వైపు వెళ్తుంది. గుప్పెడు పసుపు తీసి అద్దేస్తాం. "హమ్మయ్య, మందు వేశాం" అనుకుంటాం.

నిజానికి చిన్న గాయాన్ని మాన్పేది మందు కాదు. ఆ పని కుక్క ఒళ్ళే చేసుకుంటుంది. మనం చేయవలసినవి మూడే మూడు. గాయాన్ని బాగా కడగాలి. దాన్ని నాకనివ్వకూడదు. దాని మీద ఈగ వాలనివ్వకూడదు. ఈ మూడూ సరిగ్గా చేస్తే చిన్న గాయాలు చాలావరకు వారం పది రోజుల్లో మానిపోతాయి. చేయకపోతే ఎంత ఖరీదైన ఆయింట్‌మెంట్ రాసినా బూడిదలో పోసిన పన్నీరే!

అలాగే చూడటానికి చిన్నదిగా ఉన్నా ఇంట్లో వైద్యానికి లొంగని గాయం ఒకటుంది. దాని సంగతి కూడా తెలుసుకుందాం.

ముందు మీరు జాగ్రత్త!

ఎంత సాధువైన కుక్కైనా నొప్పితో ఉన్నప్పుడు కరవవచ్చు. అది మీ మీద కోపం కాదు, బాధ. అందుకని గాయం ముట్టుకునే ముందు దాని మూతికి మెత్తగా కట్టు కట్టడం మంచిది. పాత నూలు చున్నీ నుంచి మూడడుగుల పొడవు పీలిక చింపండి. మధ్యలో వదులు ముడి వేసి ఉచ్చులా చేసి మూతి మీదుగా తొడగండి. రెండు కొసలూ గడ్డం కింద ఒకసారి పెనవేసి, చెవుల వెనక్కి తీసుకెళ్ళి జారుముడి వేయండి. లాగితే వెంటనే ఊడి వచ్చేలా ఉండాలి.

కుక్క ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా ఈ కట్టు కట్టకూడదు. పగ్‌లాంటి చప్పిడి ముక్కు జాతులకు అసలు పనికిరాదు. వాటికి మెడ చుట్టూ దళసరి తువ్వాలు చుట్టి పట్టుకోవచ్చు. ఇంట్లో అత్తగారో, పనమ్మాయో ఉంటే ఒకరు తల పట్టుకుని మెల్లగా మాట్లాడుతూ ఉండండి. రెండోవారు గాయం చూడండి. మీరు కంగారుపడి కేకలు వేస్తే అది మరింత బెదిరిపోతుంది.

మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. కూరలు తరిగేటప్పుడు తెగిన గాట్లు మన వేళ్ళకు ఉండనే ఉంటాయి. అందుకని రబ్బరు గ్లవుజులు వేసుకోండి. అవి లేకపోతే శుభ్రమైన పాలిథిన్ కవరు చేతికి తొడుక్కున్నా సరే.

రక్తం ఆపడం ఎలా?

ఉతికిన నూలు గుడ్డ మడిచి గాయం మీద పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి. గడియారం చూసుకుని అయిదు నిమిషాలు కదపకండి. "ఆగిందా, లేదా?" అని మధ్యమధ్య గుడ్డ తీసి చూస్తే అప్పుడే గడ్డకడుతున్న రక్తం మళ్ళీ చెదిరిపోతుంది. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా పైన మరో గుడ్డ పెట్టి అదమండి.

చెవి కొస తెగితే రక్తం ఎక్కువ పోతున్నట్టు కనిపిస్తుంది. కుక్క తల విదిలించినప్పుడల్లా గోడల మీద చుక్కలు పడి ఇల్లంతా భయానకంగా ఉంటుంది! గాయం మాత్రం చిన్నదే కావచ్చు. చెవిని తల మీదికి మడిచి గుడ్డతో అదిమి పట్టుకుంటే ఆగుతుంది.

గోరు విరిగి రక్తం వస్తుంటే మైదా పిండో, కార్న్‌ఫ్లోరో చిటికెడు తీసుకుని గోరు చివర అద్ది నొక్కి పట్టుకోండి. ఈ చిట్కా గోటికి మాత్రమే. తెగిన చర్మం మీద పిండి చల్లకూడదు.

పది నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోతే, ఎర్రగా చిమ్ముతూ వస్తుంటే ఇక ఇంటి వైద్యం మాట మరచిపోండి. గుడ్డ అలాగే అదిమి పట్టుకుని ఆటో పిలిపించండి.

అసలు వైద్యం కడగడమే

రక్తం ఆగాక గాయం చుట్టూ ఉన్న బొచ్చు కత్తిరించాలి. పొమెరేనియన్‌లాంటి ఒత్తు బొచ్చు కుక్కలకు ఇది తప్పనిసరి. ముందు గాయం మీద కాస్త వ్యాజలైన్ రాయండి. కత్తిరించిన వెంట్రుకలు దానికే అంటుకుంటాయి కనుక గాయంలో పడవు. మొన మొద్దుగా ఉన్న కత్తెర వాడండి. తర్వాత ఆ వ్యాజలైన్‌ను తడిగుడ్డతో తుడిచేయండి.

ఇప్పుడు ఉప్పునీళ్ళు. అర లీటరు నీళ్ళు మరగకాచి, అందులో ఒక టీ చెంచా ఉప్పు తలగొట్టి వేసి కలిపి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చండి. ఉప్పు ఎక్కువైతే మంట. ఈ కొలతలో కలిపితే శరీరంలో ఉండే ఉప్పదనానికి దగ్గరగా ఉంటుంది కనుక కుక్క అంతగా బాధపడదు. నీళ్ళు కాచేంత తీరిక లేకపోతే తాగే నీళ్ళయినా ఫరవాలేదు. ఆలస్యం చేయడం కంటే అదే నయం.

ఈ నీళ్ళలో దూది ముంచి గాయాన్ని రుద్దకండి. దూది పోగులు లోపల ఇరుక్కుంటాయి. నీళ్ళు ధారగా పోయాలి. మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి, సూది తీసేసి, నీళ్ళు నింపి చిమ్మితే మట్టీ ఇసుకా చక్కగా కొట్టుకుపోతాయి. అర లీటరు నీళ్ళూ అయిపోయేదాకా కడగండి. తర్వాత గాజుగుడ్డతో మెల్లగా అద్ది తడి తీసేయండి.

కడిగేటప్పుడు గాయం లోపల జాగ్రత్తగా చూడండి. పల్లేరు కాయో, చిన్న ముల్లో పైపైన ఉంటే పట్టకారుతో తీసేయవచ్చు. గాజు పెంకుగానీ మేకుగానీ లోతుగా దిగి ఉంటే లాగవద్దు. లాగితే రక్తం ఒక్కసారిగా పొంగవచ్చు. దాన్ని అలాగే ఉంచి డాక్టరుకు చూపించండి.

ఇక మందు. బెటాడిన్ ద్రావణం ఇంట్లో ఉంటే ఒక వంతుకు పది వంతులు నీళ్ళు కలపండి. డికాషన్‌లా చిక్కగా కాదు, పాలు పోయని పలచటి టీ రంగులో ఉండాలి. దాంతో గాయాన్ని ఒకసారి తడిపి ఆరనివ్వండి. ఇలా రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. పదేపదే కెలకడం వల్ల కొత్తగా వస్తున్న లేత కండ చెడిపోతుంది.

వంటింటి వైద్యం పనికొస్తుందా?

మన అమ్మమ్మలు చెప్పిన చిట్కాల్లో కొన్నింటికి అర్థం ఉంది. కొన్ని మాత్రం కుక్కకు హాని చేస్తాయి.

పసుపు: క్రిములను కొంత అణిచే గుణం ఉన్నమాట నిజమే. అయితే కడగని గాయం మీద గుప్పెడు పసుపు మెత్తితే అది రక్తంతో కలిసి అట్టకట్టి, కింద పడుతున్న చీమును కనబడనివ్వదు. దుకాణంలో కొన్న పసుపు శుభ్రం చేసిన మందేమీ కాదు. విడిగా అమ్మే పసుపులో రంగు కల్తీ కూడా ఉండవచ్చు. కడిగిన పైపై గీతల మీద చిటికెడు అద్దితే ప్రమాదం లేదు, లోతు గాయంలో కూరవద్దు.

కొబ్బరినూనె: పక్కు కట్టి ఎండిపోయిన చర్మాన్ని మెత్తబరచడానికి బాగుంటుంది. తాజా గాయానికి వద్దు. దుమ్మును పట్టి ఉంచుతుంది.

కాఫీ పొడి: రక్తం ఆగుతుందని చల్లుతారు. గాయంలో చెత్త చేరడం ఒకటైతే, కుక్క దాన్ని నాకితే కెఫీన్ కడుపులోకి పోవడం రెండోది. కుక్కలకు కెఫీన్ విషం.

సున్నం, కారం: కరిచిన చోట ఇవి పెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. మంట పుట్టించి కండను కాల్చడం తప్ప వీటివల్ల ఒరిగేదేమీ లేదు. కుక్కకే కాదు, మనిషికీ వద్దు.

గడ్డి చేమంతి: కొన్ని ఊళ్ళల్లో గాయపాకు అంటారు. దీని రసం పిండటం ఎప్పటినుంచో ఉంది. కానీ రోడ్డు పక్కన కోసిన ఆకుకు అంటిన మురికి గాయంలోకి పోతుంది. కుళాయి నీళ్ళు దొరికే ఇంట్లో దీని అవసరం లేదు.

వేపనూనె: గాయం లోపల కాదు, గాయానికి కాస్త దూరంగా చుట్టూ పలచగా రాస్తే ఆ వాసనకు ఈగలు దగ్గరికి రావు. నాకే చోట మాత్రం రాయకండి.

డెట్టాల్, ఫినాయిల్, స్పిరిట్: నీళ్ళు కలపని డెట్టాల్ చర్మాన్ని కాలుస్తుంది. కుక్క నాకితే నోరు పొక్కుతుంది. పిల్లులకైతే మరీ ప్రమాదం. ఫినాయిల్ నేల తుడవడానికే. స్పిరిట్ మంటకు కుక్క మళ్ళీ మిమ్మల్ని దగ్గరికి రానివ్వదు. నురుగు వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా రోజూ పోస్తే మంచి కండనూ చెడగొడుతుంది.

మన ఆయింట్‌మెంట్లు: దురదలకు వాడే స్టెరాయిడ్ క్రీములు గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి. జింకు ఉన్న క్రీములు నాకితే కడుపులోకి పోయి విషమవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట! నొప్పికి మనం వేసుకునే మాత్రలు కుక్కకు వేయకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా మీ అంతట మీరు వేయకూడదు. "సగం బిళ్ళేగా" అనుకోవద్దు. కుక్క బరువెంతో, దాని ఒళ్ళు ఏ మందును తట్టుకుంటుందో పశువుల డాక్టరుకే తెలుస్తుంది.

ఇనుప మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించాలా అని చాలామంది అడుగుతారు. మనుషులతో, గుర్రాలతో పోలిస్తే కుక్కలు ధనుర్వాతాన్ని బాగా తట్టుకుంటాయి. అందుకే వాటికి మనలాగా ప్రతి దెబ్బకూ ఆ సూది వేయరు. గాయం లోతును బట్టి డాక్టరే చెబుతారు.

"నాకితే అదే మానుతుంది"... నిజమేనా?

కుక్క లాలాజలానికి కొన్ని క్రిములను చంపే శక్తి కొద్దిగా ఉంది. కానీ ఆ నోట్లోనే వేరే క్రిములు బోలెడు! పైగా నాలుక గరుకు. నాకగా నాకగా వేరుసెనగ గింజంత గాయం అర్ధరూపాయి బిళ్ళంత అవుతుంది. కుట్లు వేసి ఉంటే పళ్ళతో ఊడబీకుతుంది.

పశువుల మందుల షాపుల్లో గరాటులాంటి ప్లాస్టిక్ కాలరు అమ్ముతారు. అది దొరికేలోగా మీరే ఒకటి తయారు చేయవచ్చు. పాత అట్టపెట్టె నుంచి గుండ్రని బిళ్ళ కోసి, మధ్యలో మెడకు సరిపడా చిల్లు చేసి, ఒకవైపు కత్తిరించి గరాటులా చుట్టి టేపు అంటించండి. మెడ తగిలే అంచుకు పాత గుడ్డ కుట్టండి. గరాటు కొస ముక్కు కంటే ఒక అంగుళం ముందుకు రావాలి. మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. మొదటి రోజు గుమ్మాలకు కొట్టుకుంటూ, మీ కేసి జాలిగా చూస్తుంది. జాలిపడి తీసేయకండి! రెండోరోజుకి అలవాటు పడుతుంది.

పొట్ట మీదా, వీపు మీదా గాయమైతే పిల్లల పాత బనియను తొడిగి, వెనక భాగం తోక పైన ముడి వేస్తే సరిపోతుంది. దాన్ని రోజూ ఉతికి మార్చాలి.

కట్టు కట్టాలా?

పైపై గాయాలు చాలావరకు గాలి తగిలేలా వదిలేయడమే మేలు. కాలి కింద, గోళ్ళ మధ్య తగిలిన వాటికి మాత్రం నేల మురికి అంటకుండా కట్టు అవసరం. గాయం మీద గాజుగుడ్డ, వేళ్ళ మధ్య చెమట చేరకుండా కాస్త దూది, దాని మీద రోలు కట్టు. పైన పిల్లల పాత సాక్సు తొడగండి. కట్టు కిందకు మీ వేలు దూరాలి. పాదం వాచినా, చల్లబడినా కట్టు బిగుతైందని అర్థం.

కట్టు జారకుండా రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. బొచ్చులో కనబడకుండా దిగిపోయి చర్మాన్ని, కండను కోసేస్తుంది. బయటికి తీసుకెళ్ళేటప్పుడు పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, ఇంటికి రాగానే తీసేయండి. తడిసిన కట్టు, కట్టు లేనిదానికంటే చేటు. రోజూ విప్పి, చూసి, కడిగి, కొత్తది కట్టండి.

వానాకాలపు శత్రువు... ఈగ!

మన ప్రాంతంలో చిన్న గాయం పెద్ద జబ్బుగా మారడానికి ముఖ్యమైన కారణం ఈగలే. పచ్చగా, నీలంగా మెరిసే పెద్ద ఈగలు గాయం వాసన పట్టి వచ్చి అంచుల్లో ఒక్కసారే వందకు పైగా గుడ్లు పెడతాయి. ఒక రోజు లోపలే అవి పొదిగి పురుగులవుతాయి. వీటిలో ఒక జాతి పురుగులు బతికి ఉన్న కండనే తింటూ లోపలికి తొలుచుకుపోతాయి. పైన చిల్లు బఠాణీ గింజంత, లోపల గుహంత!

మాకు తెలిసిన ఒక పిన్నిగారింట్లో పదేళ్ళ పొమెరేనియన్ ఉండేది. ఆషాఢం ముసురులో దాని చెవి వెనక చిన్న గీత పడింది. ఆవిడ శ్రద్ధ గలదే. రోజూ పొద్దున్నే పసుపూ కొబ్బరినూనే కలిపి అద్దేది. నాలుగో రోజున కుక్క మంచం కింద దూరి రానంది. అన్నం ముట్టలేదు. గదిలో ఏదో వాసన. ఎలుక చచ్చిందేమోనని వాళ్ళబ్బాయి బీరువాల వెనక వెతికాడు. తీరా బొచ్చు విడదీసి చూస్తే తెల్లటి పురుగులు. డాక్టరు మూడుసార్లు కూర్చోబెట్టి పట్టకారుతో తీస్తేగానీ అది కోలుకోలేదు. మందు రాయలేదనా? రోజూ రాసింది. కానీ బొచ్చు తీయలేదు, కడగలేదు, విప్పి చూడలేదు.

అందుకే గాయం ఉన్నన్నాళ్ళూ కుక్కను పెరట్లో కట్టేయకుండా ఇంట్లోనే ఉంచండి. పడుకునే గోనెపట్టా తీసేసి ఉతికిన పాత దుప్పటి వేయండి. చెవులు, తోక కింద, కాలి వేళ్ళ మధ్య రోజుకు రెండుసార్లు బొచ్చు విడదీసి చూడండి. గోమార్లు పీకేసిన చోట, గోకి గోకి పుండు పడిన చోట కూడా ఈగ వాలుతుంది. ఈగలు రాకుండా చుట్టూ కొట్టే స్ప్రేలు పశువుల మందుల షాపుల్లో ఉంటాయి. డాక్టరును అడిగి తీసుకోండి.

పురుగులు కనబడితే కిరోసిన్, టర్పెంటైన్ పోయడం, కలరా ఉండలు పొడి చేసి కూరడం చేయకండి. కలరా ఉండలు కుక్కకు విషం. పశువులకు పెట్టినట్టు సీతాఫలం ఆకు రసం పిండుతారు కొందరు. అది కంట్లో పడితే కన్నే దెబ్బతినవచ్చు. పైకి కనిపించేవి నాలుగు చచ్చినా లోతున ఉన్నవి అలాగే ఉంటాయి. ఇది డాక్టరు చేయవలసిన పని.

చిన్నగా కనిపించే పెద్ద గాయం

ఇంటి వైద్యానికి లొంగని గాయం ఉందన్నాం కదా, అది కాటు. వీధికుక్క కరిస్తే పైన రెండు మూడు పంటి గాట్లే కనబడతాయి. కానీ కరిచిన కుక్క తల విదిలించి లాగుతుంది కనుక లోపల చర్మం, కండ విడిపోయి ఉంటాయి. పైన చిల్లు త్వరగా మూసుకుపోతుంది, లోపల క్రిములు మిగిలిపోతాయి. మూడు నాలుగు రోజులకు అక్కడ చీముగడ్డ లేస్తుంది. "రక్తం కూడా రాలేదు కదా" అని ఊరుకోవడానికి లేదు.

ఇంకా పెద్ద భయం రేబిస్. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక కుక్కకుగానీ మనిషికిగానీ చికిత్స లేదు. రాకుండా ఆపే టీకా మాత్రం ఉంది. చూడటానికి బాగానే ఉన్న కుక్క లాలాజలంలో కూడా, లక్షణాలు కనబడటానికి కొన్ని రోజుల ముందునుంచే వైరస్ ఉండవచ్చు. కాబట్టి "అది పిచ్చికుక్కలా లేదు" అన్న ధైర్యం పనికిరాదు.

మీ కుక్కను ఇంకో కుక్క కరిస్తే, చేతికి గ్లవుజులు తొడుక్కుని కాటుపడిన చోటును సబ్బు, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. దాని ఒంటి మీద కరిచిన కుక్క చొంగ అంటి ఉంటుంది. ఆ చొంగ మన చేతిగాట్లకు తగలకూడదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. టీకాలు వేయించిన కుక్కకైనా వెంటనే ఇంకో డోసు వేస్తారు. వేయించని కుక్కకు ఏం చేయాలో, ఎన్నాళ్ళు విడిగా ఉంచాలో ఆయనే చెబుతారు. ఆ తేదీలు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

ఈ హడావుడిలో మీ కుక్క మిమ్మల్నే కరిచినా, గీరినా, మీ చేతిగాటును నాకినా మీరూ సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడుక్కుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడిపించుకునే రోజులు ఎప్పుడో పోయాయి. ఆ పాత రకం టీకా వాడకం మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు భుజానికి వేసే నాలుగైదు డోసులతో సరిపోతుంది. గాయాన్ని బట్టి కాటు చుట్టూ ఇంకో మందు కూడా ఇస్తారు. మధ్యలో మానేయకుండా చివరిదాకా వేయించుకోవాలి.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం తిరిగి వేయిస్తూ ఉంటే సగం దిగులు తీరినట్టే. పాశ్చర్ మొట్టమొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేసింది 1885 జులై 6న. ఏటా ఆ రోజున మన పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ముందుగా కనుక్కుని తీసుకెళ్ళండి.

రోజూ ఇవి గమనించండి

మొదటి రెండు రోజులు గాయం చుట్టూ కాస్త వాపు, ఎరుపు, నీరులాంటి తడి ఉండటం మామూలే. మూడో రోజు నుంచి వాపు తగ్గాలి. లోపల లేత గులాబీ రంగు కండ కనబడాలి. ఆ తర్వాత పక్కు కడుతుంది. దాన్ని గిల్లకండి. బొచ్చు మొలవడానికి మరికొన్ని వారాలు పడుతుంది.

కుక్క ఒళ్ళు మన ఒంటికంటే వెచ్చగా ఉంటుంది. ముట్టుకుని "జ్వరం వచ్చింది" అనుకోకండి. దానికి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. 103 దాటితే జ్వరం అనుకోవాలి.

అన్నం మామూలుగానే పెట్టండి. ఉడికించిన గుడ్డు, మాంసం, పెరుగు ఇస్తే కండ త్వరగా పూడుతుంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు మాత్రం పెట్టకండి. గాయం మానేదాకా ఒంటికి స్నానం వద్దు.

ఇలా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి:

* గాయం అంగుళం కంటే పొడవున్నా, అంచులు నోరు తెరిచి ఉన్నా. కుట్లు వేయాలంటే మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో అయితే మంచిది. సాయంత్రం దాకా ఆగవద్దు.
* కంటి దగ్గర, ఛాతీ మీద, పొట్ట మీద, కీళ్ళ దగ్గర తగిలితే.
* ఏ జంతువు కరిచినా.
* బండి తగిలినా, ఎత్తునుంచి పడినా. పైకి గీతే కనబడినా లోపల దెబ్బ ఉండవచ్చు.
* రెండు రోజుల తర్వాత వాపు పెరిగినా, చీము, దుర్వాసన వచ్చినా, పురుగులు కనబడినా.
* కుక్క అన్నం మానేసినా, మూలకు చేరినా, చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా.

కాలాన్ని బట్టి దెబ్బలు

సంక్రాంతికి గాలిపటాల మాంజా దారాలు చెట్లకు, గేట్లకు చిక్కుకుని కుక్కల కాళ్ళను కోస్తాయి. పండగ మర్నాడే పెరడంతా చూసి ఏరేయండి. ఎండాకాలం మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపిస్తే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి అయిదు సెకన్లు ఉంచలేకపోతే అది కుక్క నడవదగిన రోడ్డు కాదు. దీపావళికి నిప్పురవ్వ పడి ఒళ్ళు కాలితే పది నుంచి ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పోయండి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, ఇంకు, వెన్న ఏవీ వద్దు. చర్మం ఊడినా, బొబ్బలు లేచినా డాక్టరుకు చూపించాలి.

అలమరలో ఒక డబ్బా

పాత స్వీటు డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టి అందులో ఇవి వేసి ఉంచండి: గాజుగుడ్డలు, రోలు కట్టు, అంటించే టేపు, మొద్దు మొన కత్తెర, పట్టకారు, సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజి, చిన్న బెటాడిన్ సీసా, వ్యాజలైన్, ఒక జత గ్లవుజులు, మూతికి కట్టే గుడ్డ పీలిక, కుక్కకే విడిగా ఒక థర్మామీటరు. దాని టీకాల కార్డు కూడా ఇందులోనే పెట్టండి.

డబ్బా మూత లోపలివైపు దగ్గరలోని పశువుల డాక్టరు ఫోన్ నంబరు రాసి అంటించండి. ఆయన లేని వేళ వెళ్ళగలిగే మరో ఆసుపత్రి నంబరు కూడా దాని కిందే రాయండి. హైదరాబాదు వాళ్ళకు రాజేంద్రనగర్‌లోనూ, రాయలసీమ వాళ్ళకు తిరుపతిలోనూ, కృష్ణా జిల్లా వాళ్ళకు గన్నవరంలోనూ పశువైద్య కళాశాలలున్నాయి. అక్కడి ఆసుపత్రుల వేళలు ఇప్పుడే కనుక్కుని ఉంచుకుంటే అవసరం వచ్చిన రోజున వెతుక్కోనక్కర్లేదు.

ఇంట్లో పిల్లలకు కూడా ఈ డబ్బా ఎక్కడుందో చూపించండి. దెబ్బ తగిలిన కుక్కను ఎత్తుకుని ముద్దుచేయకుండా, వెంటనే వచ్చి అమ్మకు చెప్పాలని నేర్పండి.